ఉత్తమ బృందం పేరు రాసేముందు

చి. బుజ్జికి,

ఆగస్టు 15న కలెక్టరుగారు ఇచ్చే ప్రశంసాపత్రాలకు, పిల్లల వైద్యంలో బాగా పనిచేసిన బృందాల పేర్లు ఎంచి పంపే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ప్రోగ్రాం ఆఫీసరుగా చేరిన తొలి ఏడాదే ఈ పని రావడం నాకు సంతోషం. నర్సుగా నా ఉద్యోగమంతా పిల్లల వార్డుల్లోనే గడిచింది కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. ఫైలు పైకి వెళ్లకముందే చదువు.

ఇలాంటి జాబితాలు ఎలా తయారవుతాయో నీకూ కొంత తెలుసు. ఆఫీసుకు రోజూ వచ్చిపోయేవాళ్ల పేర్లు ముందు గుర్తొస్తాయి. ఘాట్ రోడ్డు అవతలి సబ్ సెంటర్ గురించి గుర్తుచేసేవాళ్లు ఉండరు. కాగితం ముక్కే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను అలా అనుకోను. ఈ ఏడాది దేన్ని మెచ్చుకుంటావో, వచ్చే ఏడాది జిల్లాలో అందరూ దానికోసమే పాటుపడతారు. కనుక ఏ బృందం ముందు కూర్చున్నా మొదట ఒక్కటే అడుగు: మీ దాకా రాలేకపోయిన బిడ్డ ఎవరు, ఆ బిడ్డ కోసం మీరేం చేశారు? దీనికి తడుముకోకుండా, ఊరి పేరుతో సహా జవాబు చెప్పగలిగినవాళ్లే నా దృష్టిలో పత్రానికి అర్హులు.

నీకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువవాటిలో ఒకే రకం అంకె ఉంటుంది. మా ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల విభాగంలో, చేరిన పిల్లల్లో నూటికి ఇంతమందే చనిపోయారు, పోయినేడాది కంటే తగ్గారు అని. అది చూసి వెంటనే మార్కులు వేసేయకు. ఆ శాతం తగ్గడానికి రెండు దారులున్నాయి. జబ్బుపడ్డ పిల్లలను బతికించడం ఒకటి. బతకడం కష్టం అనిపించిన పిల్లలను గుమ్మంలోనే పెద్దాసుపత్రికి రాసి పంపేయడం రెండోది. దారిలో అంబులెన్సులో పోయిన బిడ్డ ఎవరి లెక్కలోకీ సరిగా రాదు. చావుల అంకెకే బహుమతి కట్టామంటే, బాగా జబ్బుగా ఉన్న బిడ్డను చేర్చుకోవద్దని మనమే నేర్పినట్టవుతుంది.

అందుకని చావుల లెక్కతో పాటు, పై ఆసుపత్రికి ఎంతమందిని పంపారో, డాక్టరు వద్దన్నా ఇంటికి తీసుకెళ్లిపోయినవాళ్లు ఎంతమందో కూడా తెప్పించుకో. ఆ ఆసుపత్రిలోనే పుట్టిన పిల్లలకూ, బయటినుంచి వచ్చిన పిల్లలకూ ఎస్‌ఎన్‌సీయూలో లెక్కలు వేరువేరుగా ఉంటాయి. బయటివాళ్ల లెక్కే ముందు చూడు. ఎక్కడో పీహెచ్‌సీలోనో ఇంట్లోనో పుట్టి, గంటలకొద్దీ ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ లెక్క బాగుపడిందంటే, ఆ విభాగం గోడల బయట కూడా ఎవరో శ్రమపడ్డారన్నమాట.

ఇంకో సంగతి. బిడ్డను చేర్చుకున్నప్పుడు ఒంటి ఉష్ణోగ్రత కేసు షీటులో రాస్తారు. 36.5 డిగ్రీల కంటే తక్కువుంటే బిడ్డ చల్లబడిందని అర్థం. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డకు ఆ చలే ప్రాణం మీదికి తెస్తుంది. ఒక ఏడాది షీట్లు ముందేసుకుని, బయటినుంచి వచ్చిన పిల్లల్లో ఎందరు చల్లబడి వచ్చారో నెలనెలా చూసుకుంటూ పో. కొన్నిచోట్ల ఆ సంఖ్య ఎప్పటికీ మారదు. ఎక్కడైనా తగ్గుతూ వచ్చిందంటే అక్కడ ఆగి కారణం అడుగు. బిడ్డ చల్లగా వచ్చిన ప్రతిసారీ పంపిన పీహెచ్‌సీకి ఫోన్ చేసి చెప్పిన స్టాఫ్ నర్సు ఎవరో ఉంటుంది. పొడిబట్ట, టోపీ, సాక్సులు సిద్ధంగా ఉంచుకున్న ఏఎన్‌ఎం ఉంటుంది. బిడ్డను తల్లి గుండెకు ఆనించి కట్టి తీసుకురావడం నేర్చుకున్న 108 సిబ్బంది ఉంటారు. వీళ్లంతా ఒకేచోట కూర్చుని మాట్లాడుకుని కూడా ఉండరు. అయినా నేను బృందం అనేది వాళ్లనే. ఒకే ఆఫీసు బోర్డు కింద జీతం తీసుకున్నంత మాత్రాన పదిమందీ బృందమైపోరు.

సగటు అంకెల గురించి కూడా చెప్పాలి. 2020 నమూనా నమోదు లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి 1000 మందిలో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు దేశం మొత్తం మీద 28 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. మనం మెరుగ్గా ఉన్నామని సంతోషించవచ్చు. కానీ ఆ దేశ సగటులోనే పట్టణాల్లో 19, పల్లెల్లో 31. మన జిల్లాల్లోనూ మైదాన మండలాల లెక్క ఏజెన్సీ మండలాల లెక్కను కప్పేస్తుంది. జిల్లా సగటును తగ్గించామని చెప్పే బృందాన్ని, మీ జిల్లాలో అన్నిటికన్నా వెనకబడ్డ మండలంలో ఎంత తగ్గిందని అడుగు. జూలియన్ ట్యూడర్ హార్ట్ అని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊళ్లో పనిచేసిన డాక్టరు ఉండేవాడు. మంచి వైద్యం అవసరమైనవాళ్లు ఎక్కడ ఎక్కువో అక్కడే అది తక్కువ దొరుకుతుందని 1971లోనే ఆయన రాశాడు. అక్కడి మాటే అయినా, మన డోలీ మోతలు చూసినవాళ్లకు దాన్ని విప్పి చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల లెక్క కూడా మరిచిపోకు. ఎస్‌ఎన్‌సీయూల్లో చేరేవాళ్లలో ఆడపిల్లలు మగపిల్లల కంటే తక్కువని దేశవ్యాప్త లెక్కలే చెబుతున్నాయి. జబ్బుల్లో తేడా ఒక్కటే దానికి కారణం కాదు. దూరాభారం, ఖర్చు అని ఇంట్లో తేల్చేస్తారు. ఆ తేడాను గమనించి ఊళ్లోకి వెళ్లి మాట్లాడిన ఆశా కార్యకర్త నీ జిల్లాలో ఉంటే ఆమెను వెతికి పట్టుకో.

మన పొరుగునే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ప్రాణహిత, గోదావరి దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. మన ఆదిలాబాద్ వైపులాగే అడవులు, గోండు గూడేలు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే దంపతులు 1986లో అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ఊళ్లో కాస్త చదువుకున్న ఆడవాళ్లనే ఎంచుకుని, పురిటి ఇంటికి వెళ్లి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ప్రమాద సూచనలు కనిపెట్టడం, చివరికి సెప్సిస్ ఇన్ఫెక్షన్‌కు జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు. అంత పని పల్లెటూరి ఆడవాళ్లకు ఎలా అప్పగిస్తారని ఆ రోజుల్లో అభ్యంతరాలు వచ్చాయి. బంగ్ దంపతులు 39 ఊళ్లలో ఈ పని చేసి, పోలిక కోసం 47 ఊళ్లను పక్కన పెట్టుకుని, రెండుచోట్లా పుట్టుకలూ చావులూ లెక్కించారు. మొదట్లో రెండుచోట్లా వెయ్యికి 60 దరిదాపుల్లో ఉన్న నవజాత శిశు మరణాలు, మూడో ఏడాదికి పని జరిగిన ఊళ్లలో 25కి దిగాయి. పోలిక ఊళ్లలో అలాగే ఉండిపోయాయి. 1999లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయింది. ఆశా కార్యకర్తలు ఇవాళ 3, 7, 14, 21, 28, 42 రోజులకు బాలింత ఇంటికి వెళ్తున్నారంటే దానికి మూలం అక్కడే ఉంది. 2018లో బంగ్ దంపతులిద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. తగినవాళ్లకే ఇచ్చారు. ఆ ఊళ్లలో ఇంటింటికీ తిరిగిన ఆడవాళ్ల పేర్లు మాత్రం మన దాకా రాలేదు. అలాంటి పేర్లు నీ జిల్లాలో నీకు దొరుకుతాయి. పత్రం మీద అచ్చు వేయించే అధికారం కూడా నీకుంది.

మన దేశంలో గౌరవాలు చాలావరకు ఒక మనిషికే దక్కుతాయి. నర్సులకిచ్చే జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు కూడా ఒక్కొక్కరికే. ఆ అవార్డు అందుకున్నవాళ్లంటే నాకు చాలా గౌరవం. అయినా పసిబిడ్డ ప్రాణం ఒక్కరి చేతిలో నిలిచేది కాదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలందరినీ కలిపి ఒకే బృందంగా గౌరవించింది. పదిలక్షలకు పైగా ఆడవాళ్లకు దక్కిన గౌరవం అది. ఆరోజు నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత కూడా గౌరవ వేతనం పెంచమని వాళ్లు రోడ్డెక్కాల్సి రావడం చూసి బాధపడ్డాను. నువ్విచ్చే పత్రంతో పాటు, ఆ బృందంలో ఎవరికైనా బకాయిలు ఆగి ఉంటే అవి ఇప్పించు. చేయగలిగిన పనే.

యంత్రాలు కొన్నవాళ్లను, పని పద్ధతి మార్చినవాళ్లను ఒకే గాటన కట్టకు. కొత్త వార్మర్లు వచ్చాయని ఫొటోలు పెడతారు. వార్మర్ కావాల్సిందే, కాదనను. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. కిలో నుంచి 1.8 కిలోల దాకా బరువున్న పిల్లలను, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే, మొదటి 28 రోజుల్లో చావులు నాలుగోవంతు తగ్గాయి. ఇది చేయాలంటే ఎస్‌ఎన్‌సీయూలోనే తల్లికీ మంచం వేయాలి. కాన్పుల వార్డు నర్సు, పిల్లల వార్డు నర్సు ఒకే మంచం దగ్గర పనిచేయాలి. తల్లికి బీపీ చూసేదెవరు, కుట్లు చూసేదెవరు, అన్నం తెచ్చేదెవరు, అన్నీ తేలాలి. రెండు విభాగాల మధ్య ఆ సర్దుబాటు ఎంత కష్టమో నాకు తెలుసు. అది సాధించిన ఆసుపత్రి ఏదైనా నీకు కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా పేరు రాయి.

బడి పిల్లలను చూసే ఆర్‌బీఎస్‌కే బృందాలు ఎంతమందిని పరీక్షించారో గొప్పగా రాస్తాయి. పరీక్షతో పని సగమే అయినట్టు. గుండెకు రంధ్రం ఉందని రాసి పంపిన పిల్లల్లో ఎందరికి ఆపరేషన్ అయింది, కానివాళ్లు ఎందుకు ఆగిపోయారు అని అడుగు. ఆపరేషన్ ఉచితమే. అయినా హైదరాబాద్‌లోనో విశాఖలోనో వారం రోజులు ఉండాలంటే తండ్రికి కూలి పోతుంది, తిండి ఖర్చు అవుతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూసేవాళ్లు ఉండరు. వీటిలో ఒక్కదాన్నయినా తీర్చి బిడ్డను ఆపరేషన్ దాకా చేర్చిన బృందం, వేలమందిని పరీక్షించి ఊరుకున్న బృందం కంటే ఎన్నో రెట్లు నయం.

దాచకుండా రాసేవాళ్లను కాపాడు బుజ్జీ. శిశు మరణాల సమీక్ష 2014 నుంచి ఉంది. ఎక్కడ ఆలస్యమైంది, ఎవరు ఏం చేసి ఉండాల్సింది అని నిజాయితీగా రాసిన పీహెచ్‌సీలో చావులు ఎక్కువ కనిపిస్తాయి. చచ్చి పుట్టిందని రాసేసి చేతులు దులుపుకున్న చోట తక్కువ కనిపిస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మార్కులేస్తే మంచివాళ్లకు అన్యాయం జరుగుతుంది. చావుల తర్వాత ఏం మార్చుకున్నారో చూపించగలిగితే, ఆ అంకె ఎక్కువున్నా వాళ్ల పేరు పంపు. కమిటీలో ఎవరైనా అడ్డం చెబితే ఆ సమీక్ష కాగితాలే వాళ్ల ముందు పెట్టు.

ఇక పని సంగతి. పెద్ద ఆసుపత్రులకు దరఖాస్తు రాసిపెట్టేవాళ్లుంటారు, రంగుల బొమ్మలతో పంపుతారు. కొండ మీది సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎంకు ఆన్‌లైన్ రిపోర్టులు ఎక్కించడానికే సిగ్నల్ దొరకదు. దరఖాస్తులు తెలుగులో, చేతిరాతతో ఇచ్చినా తీసుకుంటామని ముందే చెప్పు. రానిచోట్లకు నువ్వే వెళ్లు. వెళ్లినప్పుడు డాక్టరు గదిలో కూర్చోకుండా మంచాల దగ్గరున్న తల్లులతో మాట్లాడు. ఎంత ఖర్చయింది, ఎవరైనా డబ్బులడిగారా, మీకు అర్థమయ్యే మాటలో చెప్పారా అని అడుగు. కోయ, గోండీ, సవర మాట్లాడే తల్లులకు తెలుగులో గబగబా చెబితే తల ఊపుతారు, అంతే. చాలాచోట్ల ఆ మాట విప్పి చెప్పేది వార్డు ఆయా. మందు ఎన్నిసార్లు పట్టాలో ఇంటికెళ్లాక తల్లికి గుర్తుందంటే అది ఆమె చలవే. జాబితాలో ఆయా, డ్రైవర్, ల్యాబ్ టెక్నీషియన్ పేర్లు డాక్టరు పేరుతో పాటే, అదే సైజు అక్షరాల్లో వేయించు. కాంట్రాక్టు ఉద్యోగులని పక్కన పెట్టమంటారు, ఒప్పుకోకు.

వేదిక మీదికి ఒక్కరినే పిలుస్తామంటే, మిగతావాళ్ల పేర్లు మైకులో చదివించు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందురోజు రాత్రి బస, బండి ఏర్పాటు చెయ్యి. ఆరోజు వాళ్ల బదులు డ్యూటీ ఎవరు చేస్తారో కూడా నువ్వే ఖాయం చెయ్యి, లేకపోతే మంచి నర్సు వార్డు వదిలి రాదు. జాబితా రాశాక నాకొకసారి ఫోన్లో చదివి వినిపించు. రాత్రి ఎనిమిది దాటాక ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ