కథలోని ఆ మనుష్యుడు ఎవడు?

పాఠ్యభాగములు: 2 సమూయేలు 12:1–13; యాకోబు 2:1–9



దావీదు రాజు ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధములో చంపించిన పిమ్మట నాతాను ప్రవక్త అతనియొద్దకు వచ్చెను. వచ్చినవాడు రాజును నిందింపలేదు; ఒక కథ చెప్పెను. ఒక పట్టణములో విస్తారమైన మందలు గల ధనవంతుడొకడు, ఒకే గొఱ్ఱెపిల్ల గల బీదవాడొకడు ఉండిరి. బాటసారి ఇంటికి రాగా ధనవంతుడు తన మందను ముట్టక, బీదవాని గొఱ్ఱెపిల్లను పట్టి వండించెను. దావీదు ఈ మాట విని మండిపడి, అట్టివాడు మరణపాత్రుడని తీర్పు చెప్పెను. అప్పుడు నాతాను ఆ ధనవంతుడెవరో బయటపెట్టెను. అతడు రాజే!

మంచి సాహిత్యము చేయు పని ఇదియే. మన తప్పును ఎవరైన ముఖముమీద చెప్పినయెడల సాకులు వెదకుదుము. అదే తప్పును కథలో మరియొకడు చేసినట్లు వినినయెడల న్యాయమేదో మనకు వెంటనే తెలియును. కులభేదమును, ధనగర్వమును గూర్చిన రెండు తెలుగు గ్రంథములను ఈ నెల నాతాను కథ ప్రక్కన ఉంచి చూతము.

1. మాలపల్లి

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు మండలమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. జాతీయోద్యమములో చెరసాలకు వెళ్లి, రాయవెల్లూరు జైలులో ‘మాలపల్లి’ అను నవలను వ్రాసిరి. అది 1922లో వెలువడెను. అందలి ముఖ్యులు రాజులు కారు, జమీందారులు కారు. మాలపల్లెలో కాపురమున్న రామదాసును అతని బిడ్డలును. రామదాసు కుమారుడు సంగదాసు కూలివారికి న్యాయమైన కూలి కావలెనని నిలిచి, భూస్వామియైన చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము విడుచును. అయితే ఆ చౌదరయ్య కుమారుడు రామానాయుడే సంగదాసునకు ప్రాణస్నేహితుడు. ధనవంతుని ఇంట పుట్టినవాడును నీతిని ప్రేమింపగలడని రచయిత మనకు చూపుచున్నాడు.

నాటి మద్రాసు ప్రభుత్వము ఈ పుస్తకమును నిషేధించెను. కూలివాని కథకు ఒక ప్రభుత్వమే భయపడెననిన, కథకు ఎంత బలమున్నదో ఆలోచించుడి.

2. గబ్బిలము

గుఱ్ఱం జాషువగారు 1895లో వినుకొండలో, వేర్వేరు కులములకు చెందిన తలిదండ్రులకు, క్రైస్తవ గృహములో జన్మించిరి. వారి ‘గబ్బిలము’ 1941లో వెలువడెను. కాళిదాసు మేఘసందేశములో యక్షుడు తన భార్యకు మేఘముతో కబురు పంపును. జాషువగారి కావ్యములోనివాడు అంటరానివాడని ఊరివెలుపల ఉంచబడిన బీదవాడు. అతనికి దొరికిన దూత, జనులు అపశకునమని తరుముకొట్టు గబ్బిలము. తన బాధలను కాశీలోని శివునికి విన్నవింపుమని దానిని వేడుకొనును. ఏలయన అతడు గుడిలో అడుగు పెట్టరాదు, గబ్బిలమైతే గుడికప్పుననే వ్రేలాడును! అదియైనను పూజారి లేని వేళ చూచి మెల్లగా చెప్పుమని అతడు దానికి నేర్పును. తన మొరను దేవునికి కూడ చాటుగా పంపుకొనవలసిన మనుష్యుని దుఃఖము ఆ ఒక్క మాటలో ఉన్నది.

ఇది కవి దూరమునుండి చూచి వ్రాసినది కాదు. తన పద్యమును విని మెచ్చుకొనినవారే కులమేదని అడిగి, తెలిసికొనిన వెంటనే లేచిపోవుదురని వారు మరియొక పద్యములో చెప్పుకొనిరి. పద్యము కావలెను, పద్యము చెప్పినవాడు అక్కరలేదు! వారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 1971లో వారు పరమపదించిరి.

3. మన సంగతి

ఈ గ్రంథములు చదివి, “అది గుడివారి సంగతి, ఆసాముల సంగతి, మనది కాదు” అని మనము అనుకొనవచ్చును. దావీదును అట్లే అనుకొనెను. యాకోబు భక్తుడు తన పత్రికను విశ్వాసులకే వ్రాసెను. బంగారుటుంగరము పెట్టుకొనినవానికి మంచి చోటును, మాసిన బట్టలవానికి కాళ్లయొద్ద చోటును చూపినది దేవుని సమాజములోనే సుమా!

మన మందిరములో ముందు వరుస ఎవరిది? ఒక పేటవారు మరియొక పేటవారితో పిల్లనిచ్చి పుచ్చుకొనుటకు వెనుదీయుచున్నారా? సమాధుల దొడ్డిలోను గీతలు గీసికొనియున్నామా? బాధపడినవాడు ఇతరులను బాధపెట్టడని తలంపవద్దు. దావీదు ఒకనాడు గొఱ్ఱెలు కాచుకొను పిల్లవాడు, అన్నలచేత తీసివేయబడినవాడు, సౌలుచేత తరుమబడినవాడు. ఒక్క గొఱ్ఱెపిల్ల విలువ అతనికంటె ఎవరికి తెలియును? అయినను సింహాసనమెక్కిన పిమ్మట మరచెను. మనమును ఒక మెట్టు ఎక్కగానే క్రింది మెట్టువానిని మరతుము.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. చట్టము బావిగట్టున మనకు చోటిప్పించగలదు గాని, మన భోజనపు బల్లయొద్దకు పొరుగువానిని పిలువలేదు. ఆ పిలుపు మన హృదయమునుండి రావలెను.

మద్రాసు ప్రభుత్వము కథ చెప్పిన పుస్తకమును నిషేధించెను. దావీదు నాతానును చెరలో వేయలేదు. తాను పాపము చేసితినని ఒప్పుకొనెను. నొప్పించు కథ వినినప్పుడు మన యెదుట ఈ రెండు మార్గములే ఉన్నవి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాతాను కథ వినినప్పుడు దావీదు తన్ను తాను ఎందుకు గుర్తింపలేకపోయెను?
2. ఈ రెండు గ్రంథములలో ఏ మనుష్యునియందు మీ పోలిక కనబడుచున్నది?
3. మన సంఘములో మీరు ఇంతవరకు గడప త్రొక్కని ఇల్లు ఎవరిది? ఈ నెలలో ఆ ఇంట భోజనము చేయుటకు మీకేమి అడ్డము?

ప్రార్థన: ప్రభువా, ఇతరుల తప్పును చూచి మండిపడు మా కన్నులను మా వైపు త్రిప్పుము. నీ సన్నిధిలో ఎవరికిని తక్కువ చోటు చూపకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.