సూది గుచ్చుకుంటే దాచుకోకు

అమ్మలూ,

స్టాఫ్ నర్సుగా చేరబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ముందు ఒక్క సంగతి చెప్పు, హెపటైటిస్-బి టీకా పూర్తయిందా? మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఆ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. అది వేయించుకున్న ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించి, టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) కనీసం 10 mIU/mL ఉందో లేదో చూసుకో. టీకా లేనివాళ్లకు ఆ వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటుకుంటుంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురికి. మనవాళ్లు మాత్రం హెచ్‌ఐవీకి వణికిపోతూ ఈ టీకాను వాయిదా వేస్తుంటారు!

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. నీ చేత్తోనే, అప్పటికప్పుడే సూదుల కోసం పెట్టిన తెల్ల డబ్బాలో వెయ్యి. ట్రేలో దూది కింద వదిలేస్తే అది ఆయా చేతికి దిగుతుంది. పాపం, అది ఏ రోగికి వాడిందో కూడా ఆమెకు తెలియదు.

ఇన్ని చేసినా ఒక్కోసారి గుచ్చుకుంటుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్లలో కడుక్కో. పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పొయ్యొద్దు. వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పు. అజాగ్రత్త అంటారనో, డ్యూటీ అయ్యాక చూద్దామనో ఆగావంటే పోయేది నీ సమయమే. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. మొదలుపెట్టాక 28 రోజులూ మానకుండా వేసుకోవాలి. ఆ మందులకు కడుపులో తిప్పినా సరే, డాక్టరుకు చెప్పి కొనసాగించు.

జబ్బు పేరు తేలాక జాగ్రత్తపడదాం అనుకోకు. 2018 మేలో కేరళలోని పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుదుస్సేరి నిపా వైరస్ సోకి చనిపోయింది. తాను సేవ చేస్తున్న రోగికి వచ్చింది నిపా అని అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే రక్తం తగిలే ప్రతి పనికీ గ్లోవ్స్, దగ్గే ప్రతి మనిషి దగ్గరా మాస్కు. రోగి ఏమనుకుంటాడో అన్న మొహమాటం వద్దు.

చేరిన రోజే, నైట్ డ్యూటీలో ఆ హెచ్‌ఐవీ మందులు ఎక్కడుంటాయో, ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కో. మీ వార్డు ఆయాలకు టీకా వేశారో లేదో కూడా అడుగు. టైటర్ రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ