కలుపు యంత్రము: అమర్చుట, నడుపుట, ఆపుట

వర్ధన్నపేట ప్రాంతమున చెలకలయందును నల్లరేగడి భూములయందును ప్రత్తి సాళ్ల నడుమ కలుపు తీయుటకు పూర్వము జత ఎడ్లు, దంతె, గుంటుక ఆధారములుగా నుండెడివి. నేడు అనేక గ్రామములలో ఎడ్లు తగ్గినవి. వానలు కురిసి కలుపు పైకివచ్చు దినములలో అందరికి ఒక్కమారే కూలీలు కావలసివచ్చుటచే, అదనునకు మనుష్యులు దొరకుట దుర్లభమైనది. ఈ కొరతను తీర్చుటకు వచ్చినదే మనిషి వెనుక నడచుచు పిడులు పట్టి నడుపు చిన్న కలుపు యంత్రము. దీనినే రైతులు పవర్ వీడరు అందురు. కొందరు స్వంతముగా కొనుచున్నారు, కొందరు అద్దెకు తెచ్చుకొనుచున్నారు.

ప్రదర్శనములకు వచ్చు రైతులు మొదట అడుగు ప్రశ్న, “లీటరు పెట్రోలునకు ఎంత నేల తీయును?” అని. “ఇది ఎట్లు ఆగును?” అని అడుగువారు అరుదు. ఎద్దు “హో” యనిన నిలుచును. ఎదుట పాము కనబడినను తానే నిలుచును. యంత్రమునకు చెవి లేదు, భయము లేదు, అలసట లేదు. ఎద్దునకు సహజముగా నుండిన ఆ నిలుచు గుణమును యంత్రము విషయమున మనము మన చేతిలో పెట్టుకొనవలయును. నడుపుట నేర్చుకొనుటకు ముందు ఆపుట నేర్చుకొనవలెను. ఈ పాఠమునకంతటికిని ఇదియే సారము.

1. యంత్రము స్వభావము

ఈ యంత్రమునకు దగ్గరి జ్ఞాతి పచ్చికకోత యంత్రము. 1830లో ఇంగ్లండు దేశమందలి స్ట్రౌడ్ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను నాతడు, ఉన్నిబట్టపై నూగును కత్తిరించు యంత్రమును చూచి, పచ్చిక కోయు యంత్రమును కల్పించెను. తిరుగు బ్లేడులతో మట్టిని గుల్లచేయు పద్ధతిని ఆస్ట్రేలియా దేశపు ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ 1912లో తన తండ్రి పొలమునందు పరీక్షింప నారంభించెను. మన కలుపు యంత్రము ఈ రెండవ జాతికి చెందినది.

నేటి పచ్చికకోత యంత్రములలో ఎక్కువ వాడుకలోనున్న రకమునకు బ్లేడు అడ్డముగా తిరుగును. వేగమే దాని బలము. కలుపు యంత్రము బ్లేడులు దానికంటె మిక్కిలి నెమ్మదిగా తిరుగును. అయినను వాని వెనుక ఇంజను శక్తియంతయు నుండును. ఈ నెమ్మదియే మనుష్యుని మోసగించును. నిమిషమునకు 120 చుట్లే తిరుగుచున్నవనుకొన్నను, సెకనునకు రెండు చుట్లు; ఒక చక్రమునకు నాలుగు బ్లేడులున్నయెడల సెకనులో ఎనిమిది వేటులు. చెప్పుకాలు జారి లోపలికి పోయిన పిదప వెనుకకు తీసికొనుటకు వ్యవధి యుండదు.

అమెరికా దేశమున 1982లో అమలునకు వచ్చిన నిబంధన యొకటి గమనింపదగినది. మనిషి వెనుక నడచు పచ్చికకోత యంత్రపు పిడిమీది మీటను విడిచిన 3 సెకనులలోపల బ్లేడు నిలిచిపోవలెనని దాని తాత్పర్యము. చేయి విడిచిన ఆగవలెను అను ఈ సూత్రమే మన కలుపు యంత్రమునకును ప్రాణము. అనేక యంత్రములలో క్లచ్ మీటను నొక్కి పట్టినంతసేపే బ్లేడులు తిరుగును, విడిచినచో నిలుచును. కొన్నింటియందు ఏర్పాటు వేరుగా నుండును గనుక, మీ యంత్రము ఏ రకమో కొనునపుడే అడిగి, చేయించి చూడవలెను.

2. అమర్చుట

పెట్టెలోనుండి తీసిన క్రొత్త యంత్రమునందు సామాన్యముగా ఇంజను నూనె ఉండదు. నూనె పోయకయే త్రాడు లాగి నడిపినయెడల కొలది నిమిషములలో ఇంజను పట్టివేయును. సమమైన నేలపై నిలిపి, యంత్రముతో నిచ్చిన పుస్తకమందు చెప్పిన రకపు నూనెను కొలపుల్లమీది గుర్తువరకు పోయవలెను. గేరుపెట్టె నూనె వేరు, దానినిగూడ చూడవలెను.

బ్లేడులకు కుడియెడమలు కలవు. వంపు తిరిగిన బ్లేడు పదునైన అంచు, యంత్రము ముందుకు నడచునపుడు మొదట మట్టిని తాకునట్లుండవలెను. త్రిప్పి బిగించినచో యంత్రము మట్టిని కోయక పైకెగిరి పడును. బ్లేడుల బోల్టులను, ఇరుసు పిన్నులను ప్రతిదినము ప్రొద్దుట పానాతో బిగించి చూడవలెను. పోయిన పిన్నుకు బదులు మేకు దూర్చుట ప్రమాదకరము.

బ్లేడులమీది రేకు కప్పు రాళ్లను, మట్టిగడ్డలను నడుపువాని కాళ్లపై పడకుండ ఆపును. కలుపు చుట్టుకొనుచున్నదని దానిని విప్పివేయుట కూడదు. పిడులను నడుపువాని నడుము ఎత్తునకు అమర్చవలెను. వంగి నడుపువాడు త్వరగా అలసి, అడుగు తడబడును. వెనుకనుండు లోతు ఊచను క్రిందికి దించిన బ్లేడులు లోతుగా దిగును, పైకెత్తిన యంత్రము ముందుకు పరుగెత్తును. కలుపు తీతకు రెండు మూడు అంగుళముల లోతు చాలును. అంతకు మించినచో పైరు వేళ్లు తెగును.

ప్రత్తి సాళ్ల యెడము 90 సెంటీమీటరులు, అనగా సుమారు మూడడుగులు ఉన్నచోట బ్లేడుల వెడల్పు రెండడుగులకు మించకుండ అమర్చినచో ఇరువైపుల అరయడుగు చొప్పున మిగులును. మొదళ్ల దగ్గరి కలుపును చేతితోనే తీయవలెను. ప్రత్తికి విత్తినది మొదలు సుమారు 60 దినములవరకు కలుపు చేయు నష్టము అధికము; ఈ పని ఆ లోపలనే ముగియవలెను. కొమ్మలు కలిసికొన్న పిమ్మట యంత్రమును దింపుట పైరునకును మనిషికిని మంచిది కాదు.

3. పెట్రోలు

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. క్రిందికి దిగి నేలవెంబడి ప్రాకి దూరముననున్న నిప్పును అందుకొనగలదు. కనుక ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఆరుబయట పోయవలెను. బీడీ, చుట్ట దరిదాపుల నుండరాదు. మూతివరకు నింపక కొంత వెలితి యుంచి, ఒలికినదానిని తుడిచి, అచటినుండి యంత్రమును కొంత దూరము జరిపిన తరువాతనే నడుపవలెను.

కొట్టమునందుగాని తలుపులు మూసిన గదియందుగాని ఇంజను నడుపరాదు. దాని పొగయందలి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకయే స్పృహ తప్పును.

నేటి పెట్రోలునందు ఇథనాలు కలిసియుండును. అది తేమను పీల్చును. పని ముగిసి నెలలతరబడి మూలబెట్టునపుడు తొట్టిలోని పెట్రోలును తీసివేసి, కార్బురేటరునుగూడ ఖాళీ చేయవలెను.

4. పొలము, దుస్తులు

యంత్రము దింపుటకు ముందు రైతు సాళ్లవెంట ఒకమారు నడచి చూడవలెను. నిరుటి ప్రత్తికట్టె మోళ్లు, రాళ్లు, ఇనుపతీగె, గాజుపెంకులు, బిందుసేద్యపు పైపులు, మోటారునకు పోవు కరెంటు తీగె, వీనినన్నిటిని తొలగింపవలెను, లేదా గుర్తు పెట్టవలెను. నేల మరీ తడిగా నున్న మట్టి బ్లేడులకు అంటుకొని కలుపు చుట్టుకొనును; మరీ ఎండిన గట్టినేలపై యంత్రము ఎగురును. పిడికిట పట్టిన మట్టి ఉండయై, వ్రేలితో నొక్కిన విడిపోవునట్టి పదునే తగిన పదును.

పంచె, లుంగీ, భుజముపై వ్రేలాడు తువ్వాలు పనికిరావు. బిగువైన ప్యాంటు, కాలివ్రేళ్లను పూర్తిగా కప్పు గట్టి బూట్లు కావలెను. స్త్రీలు నడుపునపుడు కొంగు, జడ, చున్నీ గట్టిగా బిగించుకొనవలెను. రబ్బరు చెప్పులతో ఈ యంత్రమును నడుపుట, కత్తులబోనులో వట్టికాలితో దిగుట వంటిది. దినమంతయు నడుపువారు చెవులకు దూది గాక, దానికై చేసిన చెవిమూతలను వాడవలెను. పిల్లలును, కలుపుతీయు ఆడకూలీలును యంత్రమునకు ముప్పదియడుగుల లోపల నుండరాదు. వారికి వేరు సాళ్లు చూపవలెను.

5. నడుపుట

మొదట గేరు తటస్థమున నున్నదో లేదో, క్లచ్ మీట విడిచియున్నదో లేదో చూడవలెను. పెట్రోలు కుళాయి తెరచి, ఇంజను చల్లగా నున్నచో చోకు మూసి, వేగపు మీటను కొలదిగా పెంచి, త్రాడును మెల్లగా బిగువు తగులువరకు లాగి, పిదప ఒక్క ఊపున లాగవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు. ఇంజను వెనుదన్నిన మణికట్టు విరుగును. ఇంజను అందుకొన్న పిదప చోకు తెరచి, కొన్ని నిమిషములు పని లేకుండ నడువనీయవలెను.

తరువాత మెత్తని నేలపై, తక్కువ వేగమున, క్లచ్ నొక్కి ఒక్క అడుగు వేసి వెంటనే విడువవలెను. బ్లేడులు తక్షణము నిలువవలెను. నిలువక ఇంకను తిరుగుచున్నచో క్లచ్ తీగె బిగువు తప్పినదని యర్థము. ఆ యంత్రమును ఆ దినము సాలులోనికి దింపరాదు. సరిచేయించిన తరువాతనే పని. ఈ పరీక్షకు అరనిమిషము పట్టును. ప్రతిదినము, నడుపు మనిషి మారిన ప్రతిమారు, దీనిని చేయవలెను.

చేయి నొచ్చుచున్నదని క్లచ్ మీటను త్రాటితోనో రబ్బరు ముక్కతోనో కట్టివేయు వాడుక కొన్నిచోట్ల కలదు. అట్లు కట్టుట ఎద్దు చెవులు మూసి, పగ్గము కోసివేసి, బండి తోలుటయే. చేయి నొచ్చినచో యంత్రమును ఆపి విశ్రమింపవలెను, లేక మరియొకరికి ఇయ్యవలెను.

సాలు చివర మలుపున వేగము తగ్గించి, క్లచ్ విడిచి, పిమ్మట త్రిప్పవలెను. గట్టు దాటించునపుడు బ్లేడులు తిరుగరాదు.

6. రెండు గండములు

ఈ యంత్రముతో కాళ్లు చేతులు పోగొట్టు సందర్భములు ముఖ్యముగా రెండు.

మొదటిది వెనుక గేరు. ముందుకు పోవునపుడు బ్లేడులు మనకు దూరముగా పోవును. వెనుకకు వచ్చునపుడు మన కాళ్లమీదికే వచ్చును. వెనుక చెట్టో గోడయో గట్టో యున్నచో మనిషి నడుమ చిక్కుకొనును. కనుక సాలులో వెనుక గేరు వాడకుండుటయే మేలు. తప్పనిసరియైనచో బ్లేడుల పని మాన్పి, వేగమును అడుగునకు దించి, వెనుకకు తిరిగి చూచి, ప్రక్కగా నిలిచి, రెండు మూడడుగులు మాత్రమే జరుపవలెను.

రెండవది చుట్టుకొన్న కలుపును తీయుట. గరిక, తుంగ బ్లేడులకు పెనవేసికొన్నపుడు “ఒక్క క్షణమే కదా” యని ఇంజను నడుచుచుండగనే చేయి పెట్టుదురు, లేక కాలితో తన్నుదురు. ఇంజనును ఆపిన మాత్రముననే అపాయము తొలగదు. గేరు పడియున్నచో, బ్లేడును చేతితో త్రిప్పినపుడు ఇంజనుగూడ తిరిగి, ఒక్కమారు అంటుకొనవచ్చును. కావున వరుస తప్పక ఇట్లు చేయవలెను: ఇంజను ఆపుట, గేరు తటస్థము చేయుట, బ్లేడులు పూర్తిగా నిలుచువరకు చూచుట, ప్లగ్గు తీగెను ఊడదీసి దూరముగా పెట్టుట, అటుపిమ్మట కొడవలితోనో కొక్కెముతోనో కలుపును కోసి లాగుట. సైలెన్సరు చాలసేపు కాలుచునే యుండును. దానికి చేయి తగులనీయరాదు.

7. ప్రమాదము జరిగినచో

వెంటనే ఇంజను ఆపి ప్లగ్గు తీగె తీయవలెను. కాలు బ్లేడులలో చిక్కినయెడల వెనుక గేరు వేసి విడిపింప యత్నింపరాదు; గాయము రెట్టింపగును. బోల్టులు విప్పి బ్లేడులను తొలగింపవలెను. శుభ్రమైన గుడ్డను గాయముపై గట్టిగా అదిమి పట్టి, మాటిమాటికి ఎత్తి చూడకుండ, 108కి కబురంపవలెను. పసుపు, కాఫీపొడి, మట్టి అద్దరాదు. తెగిన వ్రేలు దొరికినచో శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డలలో నుంచి, రోగితోకూడ వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వ్రేలిని మంచుగడ్డకు నేరుగా తగులనీయరాదు. గాయము చిన్నదైనను ధనుర్వాతపు సూదిమందు విషయము వైద్యుని అడుగవలెను.

2018లో ఆరంభమైన రైతుబీమా, 18 మొదలు 59 ఏండ్ల వయస్సుగల పట్టాదారు మరణించినయెడల కుటుంబమునకు 5 లక్షల రూపాయలు చేకూర్చుటకు ఏర్పడినది. కాలివ్రేళ్లు పోయి బ్రదికిన రైతునకు అది వర్తింపదు. కౌలుకు దున్నువాని సంగతియు, అద్దెకు యంత్రము నడుపు కూలివాని సంగతియు చెప్పనేల? ఆ కుటుంబము బరువును ఆ కుటుంబమే మోయవలెను.

8. పదిమంది చేతులలో తిరుగు యంత్రము

స్వంత యంత్రమునందలి లోపము యజమానికి తెలియును. అద్దె యంత్రము నేడొకరి చేత, రేపొకరి చేత నుండును. ఒకడు వదలు చేసిన బోల్టు మరియొకని కాలిని కోయును. కావున సంఘమున యంత్రము నుంచుకొన్న సభ్యులు ఒక చిన్న పుస్తకమును యంత్రముతోనే కట్టియుంచుట యుక్తము. అందు ఇంజను నూనె, బ్లేడు బోల్టులు, రేకు కప్పు, క్లచ్ పరీక్ష అను నాలుగు గడులు చాలును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కలిసి చూచి, ఇరువురును సంతకము చేయవలెను. లోపము కనుగొన్నవాడు దాచక వ్రాయవలెను. వ్రాసినవానిపై నింద మోపరాదు, ఏలయన నింద మోపినచోట లోపములు దాగును.

కొనువారు ధరను మాత్రమే చూడక, యంత్రము పరీక్షింపబడినదా యని అడుగవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెయందలి కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థవంటి సంస్థలు ఇట్టి యంత్రములను పరీక్షించి నివేదికల నిచ్చుచున్నవి. ఆ నివేదికను చూపుమని అడుగుట కొనువాని హక్కు.

పాఠమును నెమరువేసికొనుటకు ప్రశ్నలు

1. క్లచ్ విడిచిన పిదపయు బ్లేడులు తిరుగుచున్నచో ఏమి చేయవలెను?
2. ఇంజను ఆపిన తరువాతగూడ ప్లగ్గు తీగెను ఏల తీయవలెను?
3. వెనుక గేరు ముందు గేరుకంటె ఏల అపాయకరము?
4. మీ ఇంటనో మీ సంఘముననో నున్న యంత్రమునకు రేకు కప్పు ఉన్నదా? క్లచ్ మీటకు త్రాడు కట్టియున్నదా?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఈ కాగితముపై లేదు. రేపు ప్రొద్దున యంత్రము దగ్గరకు పోయి చూచి, త్రాడు కనబడినచో అప్పుడే కోసివేయవలెను.