నేలవేము చేదు – చలిజ్వరం మందు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణపు కొసన, బీజాపూర్ జిల్లాలో మద్దేడ్ అనే ఊరు కలదు. బీజాపూర్ నుండి భోపాలపట్నం పోయే రహదారి ఈ ఊరి మీదుగా సాగి, ఇంద్రావతి నది గోదావరిలో కలిసే సంగమానికి చేరువ అవుతుంది. పూర్వపు బస్తర్ జిల్లా నుండి 1998లో దంతేవాడ, దంతేవాడ నుండి 2007లో బీజాపూర్ వేరుపడి జిల్లాలైనాయి. పరిపాలన దృష్టితో చూచినప్పుడు ఇది హిందీ సీమయే. కాని ఇక్కడి ఏరులకు చింతవాగు, తాలిపేరు అనే పేర్లుండడం గమనించదగినది. సంగమం వద్ద ఒక ఒడ్డున తెలంగాణ, మరొక ఒడ్డున మహారాష్ట్ర కనిపిస్తాయి. కోయలకు దగ్గరివారైన దోర్లలు, గోండులు, హల్బీ మాట్లాడేవారు, తెలుగువారు ఈ ప్రాంతపు సంతలలో కలుసుకుంటారు. పటాలలో హలంతంగా వ్రాయబడే మద్దేడ్ తెలుగు నోట మద్దేడు అవుతుంది.

ఇటువంటి చోట ఒక్కొక్క మొక్కకు నాలుగైదు పేర్లుండడంలో వింత లేదు. వింత మరొకటి ఉన్నది. వానకాలంలో అడవి అంచులలోను, పొలాల గట్ల మీద మొలిచి, మోకాలి ఎత్తుకు పైగా పెరిగే ఒక చిన్న మొక్కను తెలుగువారు నేలవేము అంటారు. తమిళులు నిలవేంబు అనీ, కన్నడిగులు నెలబేవు అనీ పిలుస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో దాని పేరు భుయినీమ్. సంస్కృతంలో భూనింబం. భాషలు వేరైనా భావం ఒక్కటే: నేలమీది వేప. ఆ ఆకును నమిలి చూచిన ప్రతి జాతివారికీ వేపయే గుర్తుకు వచ్చినదన్నమాట. నిజానికి ఈ మొక్క వేప కుటుంబానికి చెందినది కాదు. మన పెరళ్ళలోని అడ్డసరానికి చుట్టం. కాండం నలుపలకలుగా ఉంటుంది. పూవులు చిన్నవి, తెల్లనివి, వాటిపై ఊదారంగు మచ్చలుంటాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. హిందీ మార్కెట్లలో ఇది కాల్‌మేఘ్ అనే పేరుతో అమ్ముడుపోతుంది.

హిందీలో దీనిని హరా చిరాయతా అనడం కూడ కలదు. ఇక్కడనే చిక్కు వస్తుంది. అసలు చిరాయతా హిమాలయాలలో పెరిగే వేరొక మొక్క. దానికి సంస్కృతంలో కిరాతతిక్తమని పేరు, అనగా కిరాతుల చేదు. ఔషధం అడవి జనులకు చెందినదని ఆ పేరే ఒప్పుకుంటున్నది. కాని పాత గ్రంథాలలోనే కిరాతతిక్తానికి భూనింబమని పర్యాయపదం చెప్పబడినందువల్ల, రెండు మొక్కలూ ఒక పేరు క్రిందికి చేరాయి. హిందీ గ్రంథంలోని చిరాయతాను తెలుగులోనికి అనాలోచితంగా నేలవేము అని దించివేస్తే, కొండమీది మొక్క ఒక్క కలంపోటుతో గోదావరి తీరానికి వచ్చి చేరుతుంది. కథలో ఇటువంటి పొరపాటు వల్ల ప్రమాదం లేదు, వైద్యగ్రంథంలో ఉన్నది.

నేలవేము కషాయాన్ని జ్వరానికి త్రాగడం దక్షిణ భారతమంతటా ఉన్న అలవాటు. దీనిలోని ప్రధానమైన చేదు పదార్థాన్ని 1911లో గోర్టర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు శుద్ధరూపంలో వేరుచేశాడు. అది ఆండ్రోగ్రఫోలైడ్. ఎండిన ఆకులో నూటికి ఒకటి రెండు పాళ్ళ వరకు ఉంటుంది. నీటిలో చాల కొద్దిగా, ఆల్కహాలులో అంతకన్న హెచ్చుగా కరుగుతుంది. కావున ఒకే గుప్పెడు ఆకు నుండి నీటితో తీసిన కషాయమూ, ఆల్కహాలుతో తీసిన సారమూ ఒకే మందు కాజాలవు. శోథను, అనగా వాపును, మంటను తగ్గించే గుణం, కాలేయాన్ని కొన్ని విషాల నుండి కాపాడే గుణం ఈ పదార్థానికి ఉన్నట్లు ప్రయోగశాలలలో చూపబడినది. జలుబు, గొంతునొప్పి లక్షణాలు తగ్గించుటకు కొన్ని దేశాలలో దీని మాత్రలు వాడుకలో ఉన్నాయి. అరుదుగా తీవ్రమైన అలర్జీ కలిగించినట్లు కూడ నమోదైనది.

చేదు మాత్రం నాలుక చెప్పే సాక్ష్యమే గాని రసాయన శాస్త్రం చెప్పే సాక్ష్యం కాదు. సింకోనా బెరడులోని క్వినైన్ చేదుగా ఉంటుంది. అది ఆల్కలాయిడ్ జాతికి చెందిన పదార్థం. ఆండ్రోగ్రఫోలైడ్ వేరొక జాతిది. బస్తర్ అడవులలోనే దొరికే ముష్టి గింజ, హిందీలో కుచలా, ఈ రెండింటికీ తీసిపోని చేదు. దానిలోనిది స్ట్రిక్నైన్ అనే ప్రాణాంతక విషం. పెల్లెటియే, కావెన్‌టూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ముష్టి కుటుంబపు గింజల నుండి 1818లో స్ట్రిక్నైన్‌ను, సింకోనా నుండి 1820లో క్వినైన్‌ను వేరుచేశారు. రెండేండ్ల వ్యవధిలో అవే చేతులు ఒక చేదు నుండి విషాన్ని, మరొక చేదు నుండి కోట్లమందిని బ్రతికించిన మందును తీసినాయి.

మద్దేడ్ పరిసరాలకు ఈ విషయంతో ఉన్న సంబంధం కేవలం వృక్షశాస్త్రానికి చెందినది కాదు. బస్తర్ చిరకాలంగా మలేరియా పీడిత ప్రాంతం. అందులోను ఇక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపేరమ్ అనే పరాన్నజీవి కలిగించే మలేరియా. తగిన మందు పడకపోతే ఇరువది నాలుగు గంటలలోనే అది తీవ్రరూపం ధరించగలదు; మెదడుకు ఎక్కినచో పసిపిల్లలు దక్కడం కష్టం. ఈ వ్యాధికి దోమతో గల సంబంధాన్ని రోనాల్డ్ రాస్ కనుగొన్నది తెలుగునేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, రోగి రక్తం పీల్చిన దోమ జీర్ణకోశంలో పరాన్నజీవిని ఆయన చూచాడు.

మరి తరతరాలుగా చలిజ్వరానికి నేలవేము త్రాగి కోలుకున్నామని చెప్పేవారి మాట అబద్ధమా? కాదు. ఆ అనుభవం నిజమైనదే. దానికి చెప్పుకొనే కారణమే పరిశీలించవలసినది. మలేరియా జ్వరం వచ్చి పోయే జ్వరం. చలి, వేడి, చెమట అనే మూడు దశలు గడచిన పిమ్మట దానంతట అదే తగ్గి, మరల వస్తుంది. తగ్గడానికి ముందు త్రాగిన కషాయానికి ఆ కీర్తి దక్కుతుంది. రెండవ కారణం ఇంకను లోతైనది. మలేరియా ప్రాంతంలో చిన్నతనం నుండి పలుమారులు జ్వరపడి బ్రతికిన పెద్దవారి శరీరంలో కొంత నిరోధశక్తి ఏర్పడుతుంది. పరాన్నజీవి రక్తంలో ఉన్నా వారిని మంచాన పడవేయలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 ఆరంభంలో మలేరియా ముక్త బస్తర్ ఉద్యమంలో భాగంగా ఇంటింటికీ వెళ్ళి సుమారు 14 లక్షల మంది రక్తాన్ని పరీక్షింపజేసినది. 64 వేలకు పైగా మందిలో మలేరియా బయటపడినది. వారిలో సగానికి మించినవారికి జ్వరం గాని, మరే లక్షణం గాని లేదు! తాత కషాయం త్రాగి లేచి కూర్చున్నాడంటే అందులో తాత శరీరం ఏండ్ల తరబడి సంపాదించుకున్న బలం కూడ ఉన్నది. మూడేండ్ల మనుమడికి ఆ బలం లేదు. అదే కషాయం, అదే మోతాదు జాగ్రత్త, అదే ప్రేమ. ఫలితం మాత్రం అదే కాకపోవచ్చు.

నేలవేములో మలేరియాపై పనిచేసేది ఏమీ లేదనడం కూడ తొందరపాటే. మలేరియా పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఈ మొక్క వేరులోని గ్జాంథోన్లు అనే పదార్థాలను వేరుచేసి, ఎలుకలలో అవి మలేరియా పరాన్నజీవుల సంఖ్యను తగ్గించినట్లు 2004లో ప్రకటించారు. జనులు కషాయానికి వాడేది ఎక్కువగా ఆకు, కాండం. ఈ పదార్థాలు దొరికినది వేరులో. ఎలుక నుండి మనిషికి రావడానికి మధ్య ఉన్న దూరాన్ని అవి ఇంకా దాటలేదు.

ఆ దూరాన్ని దాటిన మొక్క కథ చైనాలో జరిగినది. మలేరియా మందు కొరకు అక్కడి ప్రభుత్వం 1967లో పెద్దయెత్తున పరిశోధన ఆరంభించగా, తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు పాత వైద్యగ్రంథాలను గాలించినది. చింగ్‌హావ్ అనే మొక్క, అనగా ఆర్టిమీసియా అనువా, ఆమె దృష్టికి వచ్చినది. తెలుగువారు పూలమాలలలో గుచ్చే దవనం దీనికి దగ్గరి బంధువు. అయితే ఆమె తీసిన సారం ఒకసారి పనిచేసి, మరొకసారి పనిచేయకుండెను. నాలుగవ శతాబ్దికి చెందిన గే హోంగ్ గ్రంథంలో, ఆ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, రసం త్రాగవలెనని ఉన్నది, కాచవలెనని లేదు. కాచడం వల్లనే మందు నశిస్తున్నదేమోనని ఆమెకు స్ఫురించినది. సుమారు 35 డిగ్రీల వద్దనే మరిగే ఈథర్‌తో సారం తీయగా, 1971లో ఆ ప్రయోగం ఫలించినది. మరుసటి ఏడు ఆర్టిమిసినిన్ శుద్ధరూపంలో లభించినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చినది.

ఆయుర్వేదం చదివినవారికి ఈ ఘట్టంలో పరిచితమైన ధ్వని వినిపిస్తుంది. పచ్చి మొక్కను దంచి పిండిన స్వరసం, నూరిన ముద్ద అయిన కల్కం, కాచిన క్వాథం, చల్లని నీటిలో రాత్రంతా నానవేసిన హిమం, వేడినీరు పోసి వడగట్టిన ఫాంటం అని మనవారు కల్పనలను ఐదుగా విభజించారు. ఏ మొక్కకు ఏది తగునో వేరుగా చెప్పారు. మందు తీసే పద్ధతి మందులో భాగమని వారెరుగుదురు. నేటి వాడుకలో ఈ ఐదూ కలిసిపోయి అన్నిటినీ కషాయమనే కాచివేయడం జరుగుతున్నది.

ఆర్టిమీసియా ఆకును టీవలె కాచి మలేరియాకు త్రాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించదు. అదే మొక్క నుండి తీసిన మందునే అది ప్రపంచమంతటా సిఫారసు చేస్తున్నది. ఇందులో వైరుధ్యం లేదు. ఆకులో మందు పాలు ఏటేటా, పొలం పొలానికీ మారుతుంది. తక్కువైన మోతాదు పరాన్నజీవిని చంపక, దానికి మందును ఓర్చుకొనడం నేర్పుతుంది. ఆ భయంతోనే ఆర్టిమిసినిన్ జాతి మందును ఒంటరిగా మాత్రల రూపంలో ఇవ్వడాన్ని భారతదేశం 2009లో నిషేధించి, వేరొక మందుతో జతచేసి ఇచ్చే పద్ధతిని అనుసరించినది. బస్తర్ గ్రామాలలో మితానిన్లుగా పిలువబడే ఆరోగ్య కార్యకర్తల వద్ద ఉండే పరీక్షా పట్టీ, వ్రేలి కొనపై గ్రుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తంతో, పావుగంట ఇరువది నిముషాలలో జ్వరం మలేరియాయో కాదో చెప్పగలదు. నాలుక చెప్పలేనిది ఆ పట్టీ చెబుతుంది.

మొక్కను గుర్తించడంలో జరిగే పొరపాటు ఎంత దూరం పోగలదో కొడిశ చెట్టు చూపుతుంది. పాలకొడిశ బెరడు రక్తవిరేచనాలకు ప్రసిద్ధమైన ఔషధం. సంస్కృతంలో కుటజం, హిందీలో దాని గింజలు ఇంద్రజౌ. అందులోని కొనెస్సిన్ అనే ఆల్కలాయిడ్ విరేచనాలు కలిగించే అమీబాలపై పనిచేస్తుంది. దీనినే పోలిన అంకుడు చెట్టు గింజలను మీఠా ఇంద్రజౌ అంటారు. అంకుడు కర్రతో ఏటికొప్పాక లక్కబొమ్మలు చేస్తారు. బొమ్మలకు అంతకన్న మంచి కర్ర అరుదు. కాని దాని బెరడు కొడిశ బెరడు కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో అంకుడు బెరడును కొడిశగా అమ్మినందువల్ల, అసలు మందుకే పనికిమాలినదనే అపకీర్తి వచ్చినది. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో రామ్‌నాథ్ చోప్రా వంటివారు దేశీయ ఔషధాలను ఒక్కొక్కటిగా తిరిగి పరీక్షింపవలసి రావడానికి ఇటువంటి తారుమారులు కూడ కారణం. చెట్టు వద్ద ఈ రెండింటినీ వేరుచేయడం కష్టం కాదు: అంకుడు జంటకాయలు లేతగా ఉన్నప్పుడు కొనల వద్ద అతుక్కొని ఉంటాయి, కొడిశ కాయలు విడివిడిగా వ్రేలాడుతాయి. ఎండిన బెరడు సంచిలోనికి చేరిన తరువాత ఆ గుర్తు ఉండదు.

తిప్పతీగ విషయంలో ఈ వివాదమే ఇటీవల మరల తలెత్తినది. దానిని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించగా, వారు వాడినది అసలు తిప్పతీగయేనా, దానిని పోలిన మరొక జాతి తీగయా అని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రశ్నించినది.

అడవిలో మొక్క ఏదో, దాని పాలు ఎక్కడ కారుతాయో, పూత ఎప్పుడో కచ్చితంగా ఎరిగినవారు బస్తర్ గునియాలు, సేకరించి సంతకు తెచ్చే స్త్రీలు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర ఇచ్చే కేంద్ర పథకం 2013–14లో ఆరంభమైనది. తరువాత విస్తరించిన ఆ జాబితాలో నేలవేము, తిప్పతీగ చేరాయి; 2020లో ఎండిన కొడిశ బెరడు కూడ చేరినది. ధర ఉండడంతో చేతులు అటు మళ్ళుతాయి. బెరడును చుట్టూ ఒలిచినచో కొడిశ చెట్టు ఎండిపోతుంది. ఒక ప్రక్కనే కొద్దిగా తీసినచో గాయం పూడుతుంది.

నేలవేము సంగతి ఇంకను సున్నితమైనది. అది ఏకవార్షికం, గింజ రాలితేనే మరుసటి వానలకు మొలక. ఆకులో ఆండ్రోగ్రఫోలైడ్ హెచ్చుగా ఉండేది పూత ఆరంభమయ్యే రోజులలో, గింజ కట్టడానికి ముందు. కొనుగోలుదారు కోరేదీ అప్పటి ఆకునే. వేళ్ళతో పెరికినచోట ఏమీ మిగలదు. నేల నుండి జానెడు పైకి కొడవలితో కోసినచో మోడు మరల చిగిర్చి, ఆలస్యంగానైనా పూచి, కాస్తుంది. వానలు వెనుకబట్టి మొక్క పూతకు వచ్చే ఆ దినాలలోనే బస్తర్‌లో మలేరియా కూడ విజృంభిస్తుంది. అప్పుడు సంతకు పోయే దారిలో ఒకరి గంపలో నేలవేము కట్టలు, మరొకరి సంచిలో పరీక్షా పట్టీలు ఉంటాయి.