పాములను కాపాడే పోస్టర్ ఎలా ఉండాలి?



వన్యప్రాణులంటే వెంటనే గుర్తొచ్చేవి పులి, ఏనుగు. కానీ మన హాస్టల్ గోడ దాకా వచ్చే వన్యప్రాణి పాము. బియ్యం బస్తాలున్న చోట ఎలుకలుంటాయి. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది. కనబడగానే మనం కర్ర వెతుకుతాం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నాగుపాము, జెర్రిపోతు వంటి వాటికి రక్షణ ఉంది. వాటిని చంపడం నేరం. అయితే ఆ మాట గోడ మీద రాసినంత మాత్రాన భయం పోదు. నేల మీద చాప పరుచుకుని పడుకునే మనకు ఆ భయం ఉత్తుత్తిది కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎక్కువ మంది పల్లెవాళ్లే. కాబట్టి మన పోస్టర్ పాము ప్రాణాన్నీ, మనిషి ప్రాణాన్నీ కాపాడాలి. ఈ హాస్టల్‌లోనే చదివి పి.జి. దాకా వెళ్లిన మేము కొన్ని సూచనలు చేస్తున్నాం.

1. బొమ్మ నిజంగా ఉండాలి: చాలా పోస్టర్లలో పాము అంటే పడగే. కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర పడగ విప్పవు. కానీ మూడూ విషపాములే. పడగ బొమ్మ ఒక్కటే చూసిన పిల్లవాడు వీటి దగ్గర ధైర్యం చేస్తాడు. కట్లపాముకు నిగనిగలాడే నలుపు మీద సన్నని తెల్లని కట్లు, రక్తపింజరకు గోధుమరంగు మీద గొలుసు లాంటి మచ్చలు రంగుల్లో వేయాలి.

2. తొందరపడి ధైర్యం చెప్పకూడదు: జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తింటుంది. ఇది నిజమే. కానీ పడగ విప్పని నాగుపామును చూసి జెర్రిపోతు అనుకునే ప్రమాదముంది. అందుకే "ఏ పామైనా సరే, దూరం జరుగు. కొట్టకు, పట్టుకోకు. వార్డెన్‌కు చెప్పు" అని రాయాలి.

3. చేయాల్సిన పని చెప్పాలి: కట్లపాము రాత్రి తిరుగుతుంది. దాని కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. దోమతెర అంచులు చాప కిందికి దోపాలి, రాత్రి బయటికి వెళితే టార్చి తీసుకెళ్లాలి. కాటు పడితే కోయవద్దు, కట్టు బిగించవద్దు, మంత్రానికి తీసుకెళ్లవద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

4. ఒక పోస్టర్‌కు ఒకే మాట: పైవన్నీ ఒకే కాగితంపై ఇరికిస్తే ఎవరూ చదవరు. దోమతెర పోస్టర్ పడుకునే గదిలో, టార్చి పోస్టర్ మరుగుదొడ్ల దారిలో, ఎలుకల పోస్టర్ బియ్యం గది తలుపు మీద అంటించాలి. అక్షరాలు పది అడుగుల దూరం నుంచి కనబడాలి. ఎత్తు ఐదో తరగతి పిల్లవాడి కళ్లకు సరిపోవాలి.

5. పరీక్షించాలి: వారం తర్వాత పోస్టర్‌ను కాగితంతో కప్పి, చిన్న తరగతి పిల్లలను "పాము కనబడితే ఏం చేస్తావు?" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే పోస్టర్ మార్చాలి, పిల్లలను తిట్టకూడదు.

ఏటా అక్టోబర్ 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి మన గోడలతోనే మొదలుపెడదాం. కర్ర అందుకునే చేయి ఒక్క క్షణం ఆగితే చాలు, ఆ పాము బతుకుతుంది, కొట్టబోయినవాడూ బతుకుతాడు.