సారథ్యము నేర్పుట: దానమా? వేతనమా?

విద్యను అమ్ముకొనరాదని మన పెద్దలు చెప్పుచుండిరి. విద్యవలన జీవించువారి మాటయు వారు మరువలేదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున ఆచార్యుడు, ఉపాధ్యాయుడు అని ఇరువురు వేరువేరుగ పేర్కొనబడిరి. శిష్యునకు ఉపనయనము చేసి వేదమును సాంగముగ నేర్పువాడు ఆచార్యుడు. వేదములో నొక భాగమునుగాని, వేదాంగములనుగాని జీవనోపాధికై నేర్పువాడు ఉపాధ్యాయుడు. ఈ రెండవవాడు నింద్యుడు కాడు. గౌరవమున మొదటివానికంటె తక్కువవాడు, అంతే. కాని కూలి నిర్ణయించుకొని చదువు చెప్పువానిని అదే గ్రంథము మూడవ అధ్యాయమున శ్రాద్ధపంక్తినుండి తొలగించినది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, నేర్పినందులకు పైకము గొనవచ్చునా అను ప్రశ్న ఒక్కమాటతో తేలునది కాదని తెలియగలదు.

కారు నడుపుట వేదము కాదు గదా యని కొంద రనవచ్చును. నిజమే. కాని నేర్పువానికిని నేర్చువానికిని నడుమ కలుగు చిక్కు వేదపాఠమునకైనను కారుపాఠమునకైనను ఒక్కటియే.

ఒక ఉదాహరణమును గైకొందము. రాజమహేంద్రవరమున ఒక యింటి క్రిందివాటాలో, ముప్పది యేండ్లు ఆర్టీసీ బస్సు నడిపి విశ్రాంతి గైకొన్న డ్రైవరు కాపురమున్నాడనుకొందము. పైవాటాలో నొక గృహిణి. ఆమె భర్త దూరదేశమున ఉద్యోగి. అత్తగారి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుమారులు డయాలసిస్ కొరకు ఆసుపత్రికి కొనిపోవలెను. తెల్లవారుజామున ఆటో దొరకుట కష్టము. భర్త కొనియిచ్చిన కారు మెట్లప్రక్కన దుమ్ముపట్టి యున్నది. “బాబాయిగారూ, నాకు కారు నేర్పుతారా? డ్రైవింగు స్కూలువాళ్లకు ఇచ్చేదేదో మీకే ఇస్తాను” అని ఆమె అడిగినది. “డబ్బు మాట ఎందుకమ్మా” అని ఆయన వెంటనే యనెను. లోపలినుండి ఆయన భార్య వినుచునే యున్నది. “ఏమండీ, మీ పింఛను మందులకే చాలటం లేదు. ఊరికే నేర్పడానికి మనమేమన్నా జమీందార్లమా?” అని ఆమె ఆ రాత్రి అడిగినది. దీనిని లోభమనుట తగదు. ముప్పది యేండ్లు ఆ యింట పొయ్యి వెలిగించినది ఆ విద్యయే.

ముందుగ చట్టము చెప్పునది చూడవలెను. ధర్మవిచారము దానిని దాటి పోజాలదు. 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి ఏర్పడిన 1989 కేంద్ర నియమములలో మూడవది అభ్యాసకునిగూర్చినది. నేర్చుకొనువానివద్ద లెర్నర్సు లైసెన్సు ఉండవలెను. పూర్తి లైసెన్సు గలవా డొకడు, బండిని అదుపుచేయుటకో ఆపుటకో వీలగు చోట కూర్చుండవలెను. బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము కనబడవలెను. ఇరువదినాలుగవ నియమము మరియొకటి చెప్పుచున్నది: ప్రతిఫలము పుచ్చుకొని డ్రైవింగు నేర్పు పాఠశాలను గాని సంస్థను గాని లైసెన్సు లేక నడుపరాదు. అట్టి పాఠశాలల బండ్లలో బోధకుని కాలిక్రింద కూడ బ్రేకు మొదలగునవి అమర్చబడి యుండును. సొంత కారులో నవి యుండవు; ప్రక్కన కూర్చున్నవాని చేతికి అందునది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. ఇంతియగాక, సొంత వాడుకకు తీసికొనిన కారు బీమా, కిరాయి ప్రతిఫలముల కొరకు చేయు ఉపయోగమునకు సామాన్యముగ వర్తింపదు.

కావున నెలకింత యని మాటాడుకొని ఇంటికడ నేర్పినచో, సాయమనుకొన్నది అనుమతిలేని వ్యాపారముగ మారు ప్రమాదమున్నది. ఒకరికి దెబ్బ తగిలిన దినమున ఆ చిక్కు బయటపడును. మరి భార్య అడిగిన ప్రశ్నకు సమాధానమేమి? అవసరము నిజమైనదైనచో, లైసెన్సు గల పాఠశాలలో బోధకుడుగ చేరి జీతము గొనవచ్చును. అది ఉపాధ్యాయుని మార్గము. అందు సిగ్గుపడవలసినది లేదు. పొరుగింటి యామెకు మాత్రము ఊరకయే నేర్పవలెను, లేదా నేర్పజాలనని మొదటనే చెప్పవలెను.

అయితే పైకము గొననంత మాత్రమున అది దానమగునా? భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు తెఱగులుగ విభజింపబడినది. ఈయదగినదను బుద్ధితో, తిరుగ ఉపకారము చేయజాలనివానికి, తగిన చోట, తగిన వేళ ఇచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారము నాశించిగాని మనసు నొచ్చుకొనుచు గాని ఇచ్చునది రాజసము. అవజ్ఞతో ఇచ్చునది తామసము. మన డ్రైవరుగారి పరీక్ష యిచ్చటనే.

మొదటి రెండు దినములు ఖాళీ మైదానమున సుఖముగ గడచును. సీటు సరిచేయుట, అద్దములు చూచుట, క్లచ్చి, బ్రేకు, ఆక్సిలరేటరు ఏ కాలికి ఏది యని ఇంజను ఆపి నేర్పుట. మూడవనాడు క్లచ్చి వదలుచుండగా బండి ఎగిరిపడి ఆగిపోవును. మరల, మరల అదే. ఎత్తుమీద నిలిపి కదలింపబోవగా వెనుకకు జారును. ఇంజను అరచును, వెనుక లారీవాడు హారను మ్రోగించును. అప్పుడు, “నీకోసం పొద్దున్నే నాలుగింటికి లేస్తున్నాను, ఇంతకీ వినవేమమ్మా?” అను మాట నోట వచ్చును. ఆ మాట ఒక రశీదు వంటిది. పుచ్చుకొననన్న రుసుము అప్పుడే వసూలైనది.

నష్టము అంతటితో ఆగదు. మందలింపు విన్న యామె మరునాడు సందేహము కలిగినను అడుగదు. పాఠశాలకు పైకము కట్టినవారు నాలుగుమారులైనను నిస్సంకోచముగ అడుగుదురు. ఉపకారము పొందువారికి రెండవమారే నోరు రాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క క్షణములో 11 మీటర్లు సాగిపోవును. కూడలియందు అడుగక మ్రింగిన సందేహము ఎంతదూరము పోవునో దీనినిబట్టి ఊహింపవచ్చును. అందువలననే మొదటి దినముననే స్పష్టముగ చెప్పుకొనుట మేలు: ఇన్ని దినములు, ఈ వేళకు, పెట్రోలు నీది, పైకము వలదు, ఎన్నిమారులడిగినను చెప్పెదను. దాక్షిణ్యముచే ఈ మాటలు దాటవేయువారే పిమ్మట నొచ్చుకొందురు.

నేర్చుకొనువారి వైపునను ఒక దోషము గలదు. ఋణము ఉంచుకొనజాలక పైకము తీసికొనుమని పట్టుబట్టుట. రఘువంశము అయిదవ సర్గలో కౌత్సుని కథ యిట్టిదే. నీ భక్తియే చాలునని గురువు వరతంతు చెప్పినను అతడు వినక గురుదక్షిణ యేమియని వేధించెను. విసిగిన గురువు, నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. గురువు వలదన్నప్పుడు ఊరకుండుటయు నొక వినయమే.

బండి నడుపుటను నేర్పిన కథ మన భారతముననే యున్నది. 11వ శతాబ్దమున నన్నయ ఈ రాజమహేంద్రవరముననే ఆరణ్యపర్వమున చెప్పిన నలోపాఖ్యానమది. బాహుకుడను పేర సారథియైయున్న నలుడు ఋతుపర్ణ మహారాజును విదర్భకు కొనిపోవుచుండెను. త్రోవలో రాజు ఒక తాండ్రచెట్టును చూచినంతనే దాని ఆకులను కాయలను లెక్క చెప్పెను. నలుడు రథమాపి ఎంచిచూడ లెక్క సరిపోయెను. నీ అక్షవిద్యను నా కిమ్ము, నా అశ్వవిద్యను గొనుమని అతడు కోరెను. రాజు తన విద్యను వెంటనే ఇచ్చి, అశ్వవిద్యను మాత్రము అప్పటికి నలునియొద్దనే నిక్షేపముగ నుంచెను, ప్రయాణము తొందరది. నలునకు మంచి దినములు వచ్చినపిమ్మట దానిని గొని, వేరొక సారథితో అయోధ్యకు మరలెను. ఇది ఉచితమును కాదు, కూలియును కాదు. ఇరువురును తమ విద్యను తక్కువ చేసికొనలేదు. డ్రైవరుగారి మనుమరాలు భిన్నములలో తడబడుచుండగా పైవాటా యామె సాయంకాలము కూర్చుండబెట్టి చెప్పినచో, అది బేరమాడినది కాకున్నను, ఆ కథకు దగ్గరి చుట్టమే.

అసలు కఠినమైన ఘట్టము మూడవ వారమున వచ్చును. ఆయన చుట్టముల యింటికి పొరుగూరు పోవలసియున్నది. “ఖాళీ రోడ్డే కదా బాబాయిగారూ, రేపు నేనొక్కదాన్నే తీసుకెళ్తాను” అని ఆమె యనును. “వద్దమ్మా” అని ఆయన చెప్పవలెను. లెర్నర్సు లైసెన్సుతో ఒంటరిగ నడుపరాదు. అది వచ్చి 30 దినములు నిండనిదే పరీక్షకును పోరాదు. చేయి కూడ ఇంకను కుదురలేదు. పైకము పుచ్చుకొన్నవాడైనచో కొనుగోలుదారుని నొప్పింపలేక మెత్తబడవచ్చును. ఊరకనే నేర్పువాడైనచో, దయ తలచినవాడు అధికారము చూపుచున్నాడని ఆమెకు తోచవచ్చును. మునుపు ఒక్కమారైనను తన ఉపకారమును ఎత్తిచూపినవాడైతే ఆ అనుమానము తప్పదు; అన్నడును ఎత్తనివాడైతే, ఆ “వద్దు” తన మేలునకేయని ఆమె కెఱుక. ఊరకయే వలదనుటయు చాలదు. ఎఱిగిన ఆటోవానితో మాటాడి, మరునాటి తెల్లవారుజామున ఇంటిముందు ఉండునట్లు చేసి పోవలెను.

పరీక్ష నెగ్గి లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట మాట వేరు. చదువు ముగియకముందు గురువునకేమియు ఈయవలదనియు, ముగిసిన పిదప శక్తికొలది ఈయవచ్చుననియు మనువు చెప్పి, పొలము బంగారము మొదలుకొని గొడుగు, చెప్పులు, కూరగాయల వఱకు పేర్కొనెను. ఆమె ఒక గొడుగు కొని తెచ్చి యిచ్చినచో డ్రైవరుగారు పుచ్చుకొనవచ్చును. ఆయన భార్యయు కాదనదు.