జంట ఆట: గెయిల్ ఎమ్స్

ద్వంద్వ సమాసాన్ని గూర్చి విద్యార్థులు చదివే ఉంటారు. తల్లిదండ్రులు, రామలక్ష్మణులు వంటి మాటలలో పూర్వపదం గొప్పదనిగాని, ఉత్తరపదం గొప్పదనిగాని చెప్పడానికి వీలులేదు. రెండింటికీ సమాన ప్రాధాన్యం. అదే ద్వంద్వ శబ్దానికి పోరు అనే అర్థం కూడా ఉంది. కనుకనే ఇద్దరు వీరులు ముఖాముఖి తలపడడాన్ని ద్వంద్వయుద్ధం అన్నారు. మన కళాశాలల ఆవరణలలో షటిల్ అని పిలుచుకునే బ్యాడ్మింటన్‌లో డబుల్స్ విభాగానికి ఈ రెండర్థాలూ చక్కగా అమరుతాయి. అయినా మన దృష్టి ఎప్పుడూ సింగిల్స్ విజేతలమీదనే నిలుస్తుంది. ఇంగ్లండుకు చెందిన గెయిల్ ఎమ్స్ జీవితమంతా డబుల్స్ ఆడింది.

ఆమె 1977 జూలైలో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హిచిన్ పట్టణంలో జన్మించింది. ఆట ఆమెకు తల్లినుండి సంక్రమించిందనవచ్చు. తల్లి జానిస్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి. స్త్రీలు ఫుట్‌బాల్ ఆడడం తగదంటూ ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 1921లో తన సభ్య క్లబ్బుల మైదానాలను వారికి మూసివేసింది. ఆ నిషేధం దాదాపు అర్ధశతాబ్ది కొనసాగింది. 1971లో మెక్సికోలో అనధికారికంగా జరిగిన మహిళల ప్రపంచ కప్పుకు ఇంగ్లండునుండి వెళ్లిన జట్టులో జానిస్ ఉంది. ఆ జట్టుకు హ్యారీ బాట్ అనే బస్సు డ్రైవరు శిక్షకుడు. జట్టులో పదమూడేళ్ల బాలిక కూడా ఉంది. మెక్సికో నగరంలోని అజ్తెకా స్టేడియంలో వేలాది ప్రేక్షకుల కరతాళధ్వనుల నడుమ ఆడిన ఆ యువతులు స్వదేశానికి తిరిగివచ్చాక సత్కారానికి బదులు శిక్ష పొందారు. కొన్ని నెలలపాటు వారిని ఆటకు దూరంగా ఉంచారు. వారిలో చాలామంది దశాబ్దాలపాటు ఆ విషయాన్ని నలుగురిలో చెప్పుకోలేదు. అటువంటి తల్లికి పుట్టిన కుమార్తె చేత రాకెట్ పట్టింది.

మిక్స్‌డ్ డబుల్స్‌లో ఒక పురుషుడు, ఒక స్త్రీ జోడీగా ఆడతారు. సాధారణంగా స్త్రీ వల దగ్గర ముందుభాగాన్ని, పురుషుడు వెనుకభాగాన్ని కాపాడుకుంటారు. వెనుకనుండి బలంగా కొట్టే స్మాష్‌కే ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. చైనా డబుల్స్ ఆటగాడు ఫూ హైఫెంగ్ 2005లో కొట్టిన ఒక స్మాష్ వేగం గంటకు 332 కిలోమీటర్లుగా నమోదయింది. అయితే ఆ స్మాష్‌కు తగినట్లుగా షటిల్‌ను పైకి లేపక తప్పని స్థితిని ప్రత్యర్థికి కల్పించేది తరచుగా వల ముందు నిలిచిన వ్యక్తే. ప్రత్యర్థులు దాడికి ఎన్నుకునేది కూడా ఎక్కువగా ఆ వ్యక్తినే. షటిల్ గమనాన్ని ముందుగా ఊహించాలి. రాకెట్‌ను పైకెత్తి సిద్ధంగా ఉంచాలి. వెనుకనున్న జోడీదారు ఎక్కడున్నాడో తిరిగి చూడకుండానే తెలుసుకోవాలి. గెయిల్ నేర్పు అక్కడిది. ఆమె వెనుక నిలిచినవాడు నాటింగ్‌హామ్‌కు చెందిన నేథన్ రాబర్ట్‌సన్. అతడూ 1977లోనే జన్మించాడు. స్త్రీల డబుల్స్‌లో గెయిల్ జోడీ డోనా కెలోగ్.

2004లో గెయిల్, రాబర్ట్‌సన్ యూరోపియన్ ఛాంపియన్లయ్యారు. ఆ ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనాకు చెందిన జాంగ్ జున్, గావ్ లింగ్ జోడీని ఎదుర్కొన్నారు. ఆ చైనా జోడీ 2000 సిడ్నీ ఒలింపిక్స్ విజేత. ఆనాటి లెక్కింపు పద్ధతిని ఇక్కడ గుర్తుచేయాలి. గేమ్‌కు పదిహేను పాయింట్లు. సర్వీసు చేసే పక్షానికే పాయింటు దక్కేది. ర్యాలీ గెలిచినా సర్వీసు చేతిలో లేకుంటే పాయింటు రాదు, ప్రత్యర్థి సర్వీసు హక్కు మాత్రం తగ్గుతుంది. ఎంత చెమటోడ్చినా సంఖ్య కదలని నిమిషాలు ఆ ఆటలో అనేకం. మొదటి గేమ్‌ను ఇంగ్లండు జోడీ 1-15 తేడాతో కోల్పోయింది. ఒలింపిక్ ఫైనల్లో అంత ఘోరంగా దెబ్బతిన్న జోడీ తిరిగి కోలుకోవడం అరుదు. కాని రెండవ గేమ్‌ను 15-12తో గెలుచుకుంది. మూడవ గేమ్‌ను 12-15తో చేజార్చుకుంది. స్వర్ణానికి, రజతానికి మధ్య నిలిచినవి మూడే మూడు పాయింట్లు. ఈ మ్యాచ్‌ను ఓటమి అని ఒక్కమాటలో తేల్చివేయడం నాకు న్యాయంగా తోచదు.

2005లో వారు ఆల్ ఇంగ్లండు టైటిల్ గెలిచారు. 1899లో ఆరంభమైన ఈ పోటీ మన పాఠకులకు కొత్తది కాదు. 2001లో బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ గెలిచిన సింగిల్స్ కిరీటం ఈ పోటీలోనిదే. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలలో గెయిల్ జోడీకి స్వర్ణం లభించింది. అదే ఏడాది మాడ్రిడ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చేరితే, వల కావల నిలిచినవారు సాటి ఇంగ్లండు క్రీడాకారులే: ఆంథొనీ క్లార్క్, డోనా కెలోగ్. స్త్రీల డబుల్స్‌లో తన పక్కన నిలిచే డోనానే ఓడించి గెయిల్ ప్రపంచ విజేత అయింది. ద్వంద్వ శబ్దానికి మొదట చెప్పిన రెండర్థాలూ ఆ రోజు ఒకే కోర్టులో ఎదురుబదురుగా నిలిచాయి.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండులోనే వారికి గావ్ లింగ్ మళ్లీ ఎదురైంది. ఈసారి ఆమెకు జోడీ జెంగ్ బో. స్వదేశీయుల హోరు మధ్య ఆడుతున్న ఆ చైనా జోడీని గెయిల్, రాబర్ట్‌సన్ ఓడించారు. నాలుగేళ్ల నాటి బాకీ తీరింది. క్వార్టర్ ఫైనల్లో మాత్రం దక్షిణ కొరియాకు చెందిన లీ యాంగ్ డే, లీ హ్యో జంగ్ చేతిలో పరాజయం తప్పలేదు. ఆ కొరియా జోడీయే చివరకు స్వర్ణం గెలుచుకుంది. ముప్పది ఒక్క ఏట గెయిల్ ఆటనుండి విరమించింది. 2009లో బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారంతో ఆమెను గౌరవించింది.

క్రీడాకారుల జీవితచరిత్రలు సాధారణంగా ఇక్కడ ముగుస్తాయి. గెయిల్ విషయంలో అసలు కష్టకాలం ఆ తరువాతనే వచ్చింది. ఆడుతున్నంతకాలం ఆమె దినచర్యను శిక్షకులు నిర్ణయించారు. ఏ ఉదయం ఎన్ని గంటలకు సాధన, ఏ వారం ఏ దేశంలో పోటీ అన్నది ముందే తెలిసి ఉండేది. ఆట ఆగగానే అవన్నీ ఆగిపోయాయి. వ్యాఖ్యాతగా టెలివిజన్‌లో కనిపించింది, సభలలో ప్రసంగించింది. అయితే అవి అప్పుడప్పుడు వచ్చే అవకాశాలే తప్ప స్థిరమైన ఉద్యోగం కావు. ఒలింపిక్ పతకం చూసి మెచ్చుకునేవారు ఎందరో ఉంటారు. కార్యాలయంలో పనిచేసిన అనుభవం లేని నడివయసు మనిషికి నెలజీతం ఇచ్చేవారు కొందరే.

2017లో గెయిల్ ఈ సంగతులన్నీ బహిరంగంగా రాసింది. పని దొరకడం లేదని, డబ్బుకు ఇబ్బందిగా ఉందని, తాను ఎందుకూ పనికిరాననే భావన కుంగదీస్తున్నదని దాపరికం లేకుండా చెప్పుకుంది. అప్పటికామె ఇద్దరు పిల్లల తల్లి, వయస్సు సుమారు నలభై. ప్రపంచ విజేతగా పేరుపొందిన మనిషి తనకు పని కావాలని లోకం ముందు ఒప్పుకోవడానికి, ఏథెన్స్‌లో మొదటి గేమ్ పోగొట్టుకుని రెండవ గేమ్‌కు సర్వీసు అందుకోవడానికి కావలసిన ధైర్యం ఒకటే కాదు. కోర్టులో ఆమె వెనుక రాబర్ట్‌సన్ ఉన్నాడు. ఈ రాత ఆమె ఒంటరిగా రాసింది. తల్లి తరం తమ ఆటను గురించి దశాబ్దాలు మౌనం వహించగా, కుమార్తె ఆట ముగిసిన తొమ్మిదేళ్లకే నోరు విప్పింది.